ఒట్టన్‌చత్రం దాకా

తుడియలూరు, కోయంబత్తూరు
10 జూన్ 2024

అత్తకు చారు నమస్కారాలు.

ఉత్తరం చూసి ఎవరికో ఏదో అయిందని గుండె పట్టుకోకు. అయినదంతా నాకే అయింది. అదీ మార్చిలోనే అయిపోయింది.

నా స్మార్ట్‌ఫోను నాయన బీరువాలో ఉంది. నేనే ఇచ్చేశాను. మార్చిలో నా బుర్ర పరుగు అందుకున్న మూడు వారాల్లో చుట్టాలందరికీ పంపిన మెసేజులు నరేన్ బావ ఫోనులో నువ్వూ చూసే ఉంటావు. కరెంటు లేకుండా నీళ్లు తోడే పంపు కనిపెట్టేశానని, ప్రారంభోత్సవానికి రమ్మని రెండు వందల పన్నెండు మందిని పిలిచాను. కల్యాణ మండపం మాట్లాడాను. అవినాశిలో నాలుగు వందల బనియన్లు కుట్టించాను, ఛాతీ మీద పంపు బొమ్మతో. ముప్పై ఏడు మంది నిజంగానే వచ్చారట. అప్పటికి నేను ఆస్పత్రిలో ఉన్నాను. నాయన వాళ్లకు పొంగలి పెట్టించి, తలా ఒక బనియను చేతిలో పెట్టి సాగనంపాడు.

ఐదు వారాలు ఆస్పత్రిలో ఉన్నాను. జబ్బు పేరు బైపోలార్. మనసు కొన్నాళ్లు మేడెక్కి కేకలు వేస్తుంది, కొన్నాళ్లు పడక దిగనంటుంది. లిథియం అని మాత్ర ఇస్తున్నారు. దాహం ఎక్కువ, చేతులు కొంచెం వణుకుతాయి. అక్షరాలు వంకరగా ఉంటే మందును తిట్టు, నన్ను కాదు.

మా డాక్టరమ్మ జెబమలర్ ఇంట్లో కూడా తెలుగే. “మెల్లగా చేసే పని ఏదన్నా ఉండాదామ్మా నీకు?” అని అడిగింది. తమిళం గబగబా రాస్తాను, ఇంగ్లీషు ఇంకా గబగబా టైపు చేస్తాను. తెలుగు మాత్రం, వేసవి సెలవుల్లో నువ్వు పలక మీద దిద్దించిన తెలుగు, ఒక్కో అక్షరం తడుముకుంటూ రాయాలి. “అయితే అదే రాయి” అంది. నీకు తప్ప ఎవరికి రాయను? ఫోనులో మాట్లాడదామంటే నీకు ఒక చెవి వినపడదు, నువ్వు అరిచేది మదురై మొత్తం వింటుంది.

ఒకసారి వచ్చి నాలుగు రోజులుండి పో అత్తా.

నీ
చారు


తిరునగర్, మదురై
17 జూన్ 2024

నా అమ్మణ్ణి చారుకు కమలమ్మాళ్ అత్త తల నిమిరి రాసేది ఏమనగా,

ఉత్తరం అందింది. ‘ళ’కు ‘ల’ రాశావు మూడు చోట్ల. మా నాయన ఉంటే పలక నీ తల మీద ఉండేది. చేతి వణుకు వల్ల అక్షరం వంకర పోతుందే గానీ, ‘ళ’ వచ్చి ‘ల’ అయిపోదు.

నీ సంగతి ఇక్కడ ఎవరికీ తెలియనివ్వలేదు. అడిగిన వాళ్లందరికీ థైరాయిడ్ అని చెప్పాను. థైరాయిడ్ అంటే ఎవరూ రెండో ప్రశ్న వేయరు, అందరి ఇళ్లలోనూ ఉంది. కాకపోతే తలా ఒక వైద్యం చెప్పారు. ఎనిమిది వైద్యాలు రాసి పెట్టాను, ధనియాల కషాయం అందులో మంచిది.

అసలు సంగతికి వస్తాను. లిథియం అంటే ఏమిట్రా అని మా నరేన్‌ను అడిగాను. “ఫోను బ్యాటరీలో వేస్తారుమా” అన్నాడు. నాకు కూర్చున్నచోట చెమటలు పోశాయి. ఫోను తీసి బీరువాలో పెట్టి, లోపలి బ్యాటరీని పిల్లకు తినిపిస్తున్నారా! మీ నాయనకు ఫోను చేసి అడిగితే, “అక్కా, నువ్వు అరవద్దు, చెవి పోతా ఉండాది” అని పెట్టేశాడు.

నీ కోసం మొక్కుకున్నాను. నలభై ఎనిమిది రోజులు ఉప్పు లేని తిండి. నువ్వూ ఈ రోజు నుంచే ఉప్పు మానెయ్యి. ఇద్దరం కలిసి చేస్తే బలం ఎక్కువ.

రావాలనే ఉంది. కానీ మా వాకిట్లో డ్రైనేజీకని రోడ్డు తవ్వేశారు. గుంత మీద వేసిన చెక్క మీద నడిచి దాటాలి. ఈ వయసులో కాలు జారితే నన్ను తీయడానికి కూడా తవ్వాలి.

దిష్టి తీసుకుని పడుకో.

అత్త


తుడియలూరు
23 జూన్ 2024

అత్తా,

ముందు ఉప్పు వేసుకో. ఇప్పుడే. ఈ ఉత్తరం పక్కన పెట్టి, వంటింట్లోకి వెళ్లి వేసుకుని వచ్చి మిగతాది చదువు.

నేను మానకూడదు అత్తా. ఈ మాత్ర వేసుకునేవాళ్లు ఉన్నట్టుండి ఉప్పు మానేస్తే మందు ఒంట్లో పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. రోజూ ఒకే తీరుగా ఉప్పు, ఒకే తీరుగా నీళ్లు. నెలనెలా రక్తం తీసి చూస్తారు. నీ ఉత్తరం చదివి వినిపిస్తే డాక్టరమ్మ నవ్వి, తర్వాత నవ్వు ఆపి, “కషాయాలు కూడా నన్ను అడగకుండా వద్దమ్మా” అంది. బ్యాటరీలో వేసేదీ లిథియమే, నిజమే. కానీ నేను బ్యాటరీని నమలడం లేదు. తెల్లటి మాత్ర, మంచినీళ్లతో మింగుతున్నాను.

థైరాయిడ్ అని ఎందుకు చెప్పావు? పొళ్లాచ్చి నుంచి ఎవరో అడిగారట, పిల్ల గొంతు బాగుందా అని. నాయన ఏం చెప్పాలో తెలియక బాగానే పాడుతోంది అన్నాడు. ఇప్పుడు వాళ్ల గృహప్రవేశంలో నేను పాడాలట.

పనిలోకి మళ్లీ వెళ్తున్నాను, సగం పూట. పంపులు గట్టిగా మోగుతున్నాయా, వణుకుతున్నాయా అని పరీక్షించే విభాగంలోనే. నా చేయి వణుకుతోందా, పంపు వణుకుతోందా అని మొదటి రోజు అర్థం కాలేదు. పక్క టేబుల్ అతనితో పట్టించి చూశాను. పంపే.

ప్రతి బుధవారం డాక్టరమ్మ దగ్గర మాలాంటివాళ్లం పదిమంది కూర్చుని మాట్లాడుకుంటాం. అక్కడ సత్యరాజ్ అని ఒకరు ఉన్నారు. ఆయన పక్కన కూర్చుంటే నాకు భయం తగ్గుతుంది. నేను చెప్పేది మధ్యలో ఆపకుండా వింటారు. ఆస్పత్రి నుంచి వచ్చాక నన్ను మొదట నవ్వించిన మనిషి ఆయనే. ఈ బుధవారం నాకోసం జామకాయలు తెచ్చారు.

రోడ్డు పూడ్చారా? వస్తావా?

చారు


తిరునగర్
2 జూలై 2024

అమ్మణ్ణీ,

ఉప్పు వేసుకున్నాను. నాకంటే నరేన్, కోడలు ఎక్కువ సంతోషించారు. వారం రోజులుగా నా మొక్కు వాళ్లు కూడా తింటున్నారు కదా.

సత్యరాజ్ ఎవరు? ఏ ఊరు? మనవాళ్లేనా? కాకపోయినా ఫరవాలేదు, కాలం మారింది, నేనూ మారాను. నక్షత్రం రాయలేదేం? జామకాయలు తెచ్చే మగవాడు మంచివాడే అయి ఉంటాడు. మీ మామ పెళ్లయిన పదేళ్లకు నాకు మొదటిసారి సీతాఫలం తెచ్చారు, అదీ ఆఫీసులో ఎవరో ఇస్తే. జబ్బుపడి లేచిన పిల్లకు తోడు కావాలని నేనెన్ని రోజులుగా అనుకుంటున్నానో.

ఆడపిల్లవు, నీ నోటితో నువ్వు చెప్పలేవు. అందుకే నేనే మీ నాయనకు ఒక కార్డు రాసి పడేశాను. వెళ్లి చూసి రమ్మన్నాను. వెళ్లేటప్పుడు చొక్కా వేసుకోమన్నాను, పంపు బొమ్మ బనియన్లో వెళ్లొద్దన్నాను.

నేనే వచ్చి మాట్లాడేదాన్ని. నేను ఊళ్లకు తీసుకెళ్లే సంచీలో పిల్లి ఈనింది. నాలుగు పిల్లలు. కళ్లు తెరవలేదు. ఎలా కదిలించను?

అత్త


తుడియలూరు
19 జూలై 2024

అత్తా,

నాయన వెళ్లాడు.

చొక్కా, అంగవస్త్రం, పళ్లు, తమలపాకులతో వెళ్లాడు. ఒక పెద్దావిడ తలుపు తీసింది.

“అబ్బాయి ఉండాడామ్మా?”

“ఏ అబ్బాయి?”

“సత్యరాజ్ అనేటి అబ్బాయి.”

“ఆ అబ్బాయి పళ్లసెట్టు కడగతా ఉండాడు. కూచోండి.”

సత్యరాజ్‌కు అరవై నాలుగేళ్లు అత్తా. రిటైరైన బస్సు కండక్టరు. తలుపు తీసింది ఆయన భార్య. నాయన తమలపాకులు ఒళ్లో పెట్టుకుని గంటసేపు వర్షాల గురించి మాట్లాడి వచ్చాడు. మూడు రోజులు నా ముఖం చూడలేదు. నాలుగో రోజు ఇద్దరం నవ్వి నవ్వి ఏడ్చాం.

సత్యరాజ్‌కు ముప్పై ఏళ్లుగా చెవిలో ఎవరో మాట్లాడినట్టు మాటలు వినపడతాయి. మందుతో తగ్గాయి, పూర్తిగా పోలేదు. “అవి టికెట్ తీసుకోని ప్యాసింజర్లు చారూ” అంటారు. “దించేదానికి పొయ్యి కొట్లాడితే బండి నిలిచిపోతాది. ఎనకాల నిలబడండని చెప్పి నేను విజిల్ వేస్తా.” ఆ మనిషి అలా బతుకుతుంటే నేనూ బతకగలనని అనిపిస్తుంది. నాకు ఆయన అంతే. అదే ఎక్కువ.

ఇంకొకటి. ఈ నెల మొదట్లో తొమ్మిది రోజులు నేను మంచం దిగలేదు. స్నానం లేదు. తల దువ్వలేదు. గోడ మీద బల్లి కూడా నాకంటే పనిమంతురాలు అనిపించింది. కానీ ఈసారి దాచలేదు. మూడో రోజే నాయనతో, “నాయనా, మళ్లీ దిగతా ఉండాను, డాక్టరమ్మకు చెప్పు” అన్నాను. మందు సర్దారు. పదో రోజు లేచి కాఫీ పెట్టాను. జబ్బుకు పేరు తెలియని రోజుల్లో, పోయినసారి, లేవడానికి మూడు నెలలు పట్టింది.

ఆ తొమ్మిది రోజుల్లో ఒక లెక్క తేలింది నాకు. నేను ఆస్పత్రిలో ఉన్నప్పుడు నీకు కళ్లకలక అన్నావు. తర్వాత రోడ్డు. ఇప్పుడు పిల్లి. ఊళ్లో అందరికీ థైరాయిడ్. అత్తా, నన్ను చూసి సిగ్గుపడుతున్నావా? పిచ్చి పిల్ల ఇంటికి వెళ్లి వచ్చిందని నలుగురూ అంటారని భయమా? అదే అయితే అదని రాయి. పిల్లి మీద పెట్టొద్దు. అప్పటిదాకా నేను రాయను.

చారులత


తిరునగర్
30 జూలై 2024

చారులతకు,

పిల్లి ఈనింది నిజం. కావాలంటే నరేన్‌ను అడుగు.

కమలమ్మాళ్


తిరునగర్
21 ఆగస్టు 2024

నా బంగారు చారూ,

పోయిన ఉత్తరం చించెయ్యి. మూడు వారాలు చూశాను, నీ నుంచి కార్డు ముక్క లేదు. ఈ ఉత్తరం కవరు రెండుసార్లు జిగురు పెట్టి అంటిస్తున్నాను. నరేనే కదా పోస్టులో వేసేది.

నేను రెండేళ్లుగా గేటు దాటలేదే.

మీ మామ పోయిన మూడో నెల, కళ్లద్దాలు మార్పించుకుందామని టౌను బస్సెక్కాను. పెరియార్ బస్టాండు ఇంకా రాలేదు. ఉన్నట్టుండి గుండె దడదడా కొట్టుకుంది. చేతులు తడిసిపోయాయి, ఊపిరి లోపలికి పోవడం లేదు. చచ్చిపోతున్నాననే అనుకున్నాను. బస్సు ఆపమని నేను అరిచిన అరుపుకు డ్రైవరు ఏదో గుద్దేశాననుకుని దిగి ముందు చక్రాలు చూశాడు. ఆటోలో ఇల్లు చేరాను. డాక్టరును ఇంటికే పిలిపించి ఈసీజీ తీయించాడు నరేన్. ఎద్దు గుండె అన్నాడాయన. మళ్లీ బయలుదేరితే వీధి చివర అదే వచ్చింది. మరోసారి మా వాకిట్లోనే.

అప్పటి నుంచి మోకాలి నొప్పి అని చెబుతున్నాను. నరేన్ నెలకొక నూనె సీసా తెస్తాడు. కరివేపాకు చెట్టు మొదట్లో పోస్తున్నాను. సాయంత్రం వాడు వచ్చే వేళకు చెప్పులేసుకుని గేటు దగ్గర నిలబడతాను, నడిచి వచ్చాననుకుంటాడు. పక్కవీధిలో పెళ్లికి మేడ మీద నుంచి అక్షింతలు వేశాను. కాకులు తిన్నాయి.

నువ్వు ఆస్పత్రిలో ఉన్నావని తెలిసిన రోజు సంచీ సర్దాను. గేటు గడియ మీద చేయి వేశాను. తీయలేకపోయాను. మా తమ్ముడి బిడ్డ అక్కడ ఒక్కతే ఉందని తెలిసి, గడియ తీయలేకపోయాను. నాకు సిగ్గు ఉన్న మాట నిజం. నీ మీద కాదే. ఊళ్లో థైరాయిడ్ అని చెప్పింది కూడా, నీ జబ్బు పేరు బయటికి వస్తే దాని వెనకే నాది కూడా బయటపడుతుందేమోనని.

నీకు జబ్బు అని చెప్పుకునే ధైర్యం ఉంది. నాకున్నది ధనియాల కషాయం ఒక్కటే.

ఇప్పుడు నువ్వు రాయకపోయినా తప్పులేదు.

అత్త


తుడియలూరు
25 ఆగస్టు 2024

నా అత్తా, నా అత్తా,

మొదట ఏడ్చాను. తర్వాత డ్రైవరు దిగి చక్రాలు చూడడం తలుచుకుని నవ్వాను. నాయన పరుగెత్తుకొచ్చి నవ్వా, ఏడుపా, డాక్టరమ్మకు ఫోను చేయాలా అని నిలబడ్డాడు. “వద్దు నాయనా, ఇది మామూలు నవ్వే” అన్నాను. మా ఇంట్లో ఈ మధ్య నవ్వుకు కూడా పేరు చెప్పుకోవాలి.

నీ పేరు చెప్పకుండా డాక్టరమ్మను అడిగాను. “చూడకుండా జబ్బుకు పేరు పెట్టను. కానీ ఇట్లాటిది చానామందికి ఉండాది, వైద్యమూ ఉండాది. గేటు దాటలేనోళ్లకు గేటు లోపలే మొదలుపెడతారు” అంది. మీ ఊళ్లో తనకు తెలిసిన ఒక డాక్టరు నంబరు ఇచ్చింది. మొదట వీడియోలో మాట్లాడుతుందట. కాగితం జతచేశాను. కానీ దానికి నరేన్ బావ ఫోను కావాలి. అంటే నరేన్ బావకు చెప్పాలి. అది నీ పని, నేను చేయలేను.

సత్యరాజ్‌ను కూడా అడిగాను, మా చుట్టాల్లో ఒకరు బస్సెక్కలేరని. ఆయన సర్వీసులో అలాంటివాళ్లను చాలామందిని చూశారట. “ఆకరు స్టాపు గురించి ఆలోచన చేస్తే ఎవరూ ఎక్కరు. దగ్గిర స్టాపుకు టికెట్ తీసుకోమను” అన్నారు.

రేపటి నుంచి నాకు లోపల జరిగేది కాదు, గేటు దగ్గర జరిగేది రాయి. గడియ తీశావా, లేదా. తీయకపోతే తీయలేదని రాయి. నాకు అదే చాలు.

నీ
చారు


తిరునగర్
6 నవంబర్ 2024

అమ్మణ్ణీ,

నీ కార్డులన్నీ వచ్చాయి. నేను ముక్కలు ముక్కలుగా రాసినవి నీకు చేరాయని తెలుసు గానీ, ఇప్పుడు మొత్తం చెబుతాను.

నరేన్‌కు చెప్పడానికి పన్నెండు రోజులు పట్టింది. వాడు ముందు నా మోకాళ్ల వంక చూశాడు. తర్వాత, “అయితే నూనె ఏం చేసినావుమా?” అన్నాడు. చెట్టు చూపించాను. వాడు చెట్టు దగ్గర నిలబడి ఏడ్చాడు. ఆ నూనెకు వాడు ప్రతిసారీ ఊరికి ఆ చివర తల్లాకుళం దాకా వెళ్లేవాడట.

వీడియోకని పట్టుచీర కట్టుకున్నాను. డాక్టరు నీకంటే చిన్నపిల్ల. ఊపిరి మెల్లగా పీల్చి, ఇంకా మెల్లగా వదలమంది. నేను పీల్చి, ఆ పిల్ల కమ్మలు చూస్తూ వదలడం మరచిపోయాను. తర్వాత మాత్ర రాసింది. రోజూ కాస్త కాస్త బయటికి వెళ్లాలి, భయం వచ్చినా తగ్గేదాకా అక్కడే నిలబడాలి అంది. భయం అనేది పైకెక్కి, అక్కడే ఎంతసేపూ ఉండలేక దానంతట అదే దిగుతుందట.

వాకిలి అయింది. పాల బూత్ అయింది. వీధి చివర కరెంటు స్తంభం పట్టుకుని ఇరవై నిమిషాలు నిలబడ్డాను. ఎదురింటాయన వచ్చి, “ఏందమ్మా, స్తంభం మార్చేదానికి పిటిషన్ పెట్టినారా?” అని అడిగాడు. అవునన్నాను. మర్నాడు ఆయన కూడా వచ్చి నా పక్కన నిలబడ్డాడు, తనకూ ఆ స్తంభం మీద కోపమట.

అక్టోబరులో రెండు వారాలు వెనక్కి జారాను. గేటు దాకా కూడా వెళ్లలేదు. అప్పుడు నువ్వు రాసిన తొమ్మిది రోజులు గుర్తొచ్చాయి. డాక్టరు పిల్లకు నేనే ఫోను చేసి చెప్పాను.

ఈ ఉత్తరం నేనే పోస్టు డబ్బాలో వేస్తున్నాను. డబ్బా నోట్లో చేయి పెట్టి చూశాను, పడిందా లేదా అని.

కోయంబత్తూరు దాకా ఇప్పుడే రాలేను. తలుచుకుంటేనే అరచేతులు తడుస్తున్నాయి. కానీ ఒట్టన్‌చత్రం సగం దూరం కదా. డిసెంబరు ఒకటిన నేను అక్కడి కూరగాయల సంతకు వస్తాను. నరేన్ దిండిగల్ దాకా తోడు వచ్చి దిగిపోతాడు. మిగతాది నేనొక్కదాన్నే. నువ్వు అటు నుంచి రా. నువ్వూ ఒంటరిగా బస్సెక్కి చాలా రోజులైందని మీ నాయన చెప్పాడు. మా డాక్టరుకు చెప్పాను, మీ డాక్టరమ్మను నువ్వు అడుగు.

అత్త


తుడియలూరు
3 డిసెంబర్ 2024

అత్తా,

నువ్వు క్షేమంగా చేరావని నరేన్ బావ ఫోను చేశాడు. “మిగతాది అమ్మే రాస్తానంది” అని నవ్వి పెట్టేశాడు. ఏం జరిగింది?

నీకు చెప్పని సంగతి ఒకటి ఉంది. సింగానల్లూరు బస్టాండులో రెండు బస్సులు వదిలేశాను. దారిలో మళ్లీ తల పరుగు అందుకుంటే ఎవరితో చెప్పుకోవడం అని భయం. మూడో బస్సు కండక్టరు, “ఎక్కుతావా లేదామ్మా?” అని విసుక్కున్నాడు. ఎక్కాను. అందుకే గంట ఆలస్యం. దిగాక సంత అంతా నీ కోసం పరుగెత్తాను. కింద పడిపోయి ఉంటావని, వెనక్కి వెళ్లిపోయి ఉంటావని.

నువ్వేమో మునగకాయల గుట్ట పక్కన బోర్లించిన పెట్టె మీద కూర్చుని, వేలం పాడేవాడిని వేలు చూపించి తిడుతున్నావు. “ఏమయ్యా అంత అరస్తావు? నాకు ముందే గుండె దడ. మెల్లగా చెబితే మునక్కాయ అమ్ముడు పోదా?” ఆ పెద్ద మీసాలాయన నిజంగానే గొంతు తగ్గించాడు. చుట్టూ ఉన్న వ్యాపారులు వినపడక దగ్గరికి వచ్చి నిలబడ్డారు. నేను కాసేపు నిన్ను పిలవలేదు. దూరం నుంచి చూస్తూ నిలబడ్డాను. రెండేళ్లు గేటు దాటని మనిషి అత్తా.

హోటల్లో నీ చేతులు చల్లబడ్డాయి. “చారూ, అది వచ్చేసింది” అన్నావు. “రానీ అత్తా, అదీ కూచోనీ. మనం తినేదాకా మన పక్కనే ఉండనీ” అని ఎలా అన్నానో నాకే తెలియదు. మార్చిలో నా చేయి ఇలా ఎవరైనా పట్టుకుని ఉంటే బాగుండేదనుకున్నాను. నీ చేయి పట్టుకుంటే నాది పట్టుకున్నట్టే ఉంది. పదకొండు నిమిషాలు. గడియారం చూశాను. తర్వాత నువ్వు కళ్లు తెరిచి, “పోయింది. ఇంగొక వడ చెప్పు” అన్నావు.

తిరుగు బస్సు ఎలా జరిగిందో రాయి. నాయన కూడా ఎదురు చూస్తున్నాడు.

నీ
చారు


తిరునగర్
8 డిసెంబర్ 2024

అమ్మణ్ణీ,

రాస్తాను, నవ్వకూడదు.

నువ్వు కిటికీ దగ్గర కూర్చోబెట్టి దిగిపోయాక, బస్సు కదలగానే అరచేతులు తడిశాయి. కొంగుతో తుడుచుకున్నాను. దిండిగల్లో నరేన్ నా బస్సెక్కాలని ఏర్పాటు కదా. వాడు ఏదో అడ్డం వచ్చి ఆలస్యమై, మధ్యలో ఎక్కడా ఆగని వేరే బస్సెక్కి, మదురైలో ఆరపాళయం బస్టాండుకు నాకంటే ముందే చేరి, నేను వచ్చే బస్సు కోసం నిలబడ్డాడు. బస్సు వచ్చింది. అందరూ దిగారు. నేను దిగలేదు. వాడు లోపలికి ఎక్కి చూస్తే నేను సీట్లో వెనక్కి వాలిపోయి, నోరు తెరుచుకుని ఉన్నానట. “అమ్మా!” అని వాడు పెట్టిన కేకకు బస్టాండు సగం పరుగెత్తుకొచ్చింది.

నేను కళ్లు తెరిచి, “ఏమిటికిరా అరస్తావు? దిండిగల్ వచ్చిందా?” అన్నాను.

“మదురైయే వచ్చేసింది. నువ్వు గురక పెడతా ఉండావుమా!” అని వాడు మెట్ల మీద కూలబడ్డాడు.

కండక్టరు చెప్పాడు, దిండిగల్ దాటాక ముందు సీటు మనిషి లేచి వెళ్లి వెనక కూర్చున్నాడట, నా గురక భరించలేక. బస్సెక్కితే ఊపిరి ఆడదని రెండేళ్లు ఇంట్లో కూర్చున్నదాన్ని చారూ నేను. ఆ ఊపిరిని అరవై కిలోమీటర్లు బస్సంతా విందట.

అత్త